చక్రం నెమ్మదించిన ఎండాకాలం

పోయిన ఆదివారం మా చెల్లె రూతు కొడుకు ఫోనులో ఒక వీడియో పంపాడు. అగ్గిపెట్టెకు అన్నలాంటి తెల్లటి డబ్బా ఒకటి. గోడకున్న ప్లగ్గులో పెడతారు, పచ్చ దీపం వెలుగుతుంది, పక్కనున్న మీటరు సిగ్గుపడి సగానికి తగ్గుతుంది. కింద వాడి ప్రశ్న: "మామా, నువ్వు ఫిజిక్స్ సారువు గదా. ఇది నిజంగ పనిచేస్తదా?" జూనియర్ కాలేజీలో ఇన్నేళ్లుగా ఆ పాఠమే చెప్పి బతుకుతున్నవాణ్ణి కనుక "పనిచేయదు" అని టైపు చేశాను. పంపకుండా చెరిపేశాను. శాస్త్రప్రకారం ఆ జవాబులో తప్పేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, గోదావరిఖని శివారులో మా రేకుల ఇంట్లో ఒక ఎండాకాలం అలాంటి డబ్బా పనిచేసింది. మీటరు తగ్గడం నా కళ్లతో చూశాను. చూసినవాడికి ఒక్కమాటలో జవాబు చెప్పడం కష్టం.

మా బాపు బొగ్గుబాయిలో పనిచేశాడుగాని బొగ్గు తవ్వలేదు. ఆయనది ల్యాంపు రూములో డ్యూటీ. బాయి దిగే ప్రతి మనిషీ ఆ కిటికీ దగ్గర తన ఇత్తడి బిళ్ల ఇచ్చి, నెత్తిన పెట్టుకునే దీపం తీసుకోవాలి. పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకోవాలి. షిఫ్టు అయిపోయాక కూడా మేకుకు బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నట్టు. తిరిగి వచ్చిన దీపాలను వరసగా అరల్లో పెట్టి చార్జింగు ఎక్కించడం, పచ్చ దీపం వెలిగాక తీసి తుడిచి సిద్ధం చేయడం బాపు పని. పచ్చ దీపం వెలగనిదే దేన్నీ కిటికీ దాటనిచ్చేవాడు కాదు. మేనేజరు తొందరపెట్టినా సరే. ఆయన ఉద్యోగమంతా ఆ చిన్న వెలుగు ఒక్కసారి కూడా అబద్ధమాడలేదు. మనుషుల విషయంలో ఆయన అంత మాట ఎవరి గురించీ అనగలిగేవాడు కాదు. తరవాత జరిగినదానికి ఇంతకు మించిన సంజాయిషీ నా దగ్గర లేదు.

నేను పుట్టి పెరిగిన క్వార్టరులో మీటరు లేదు. ఇల్లు కంపెనీది, నీళ్లు కంపెనీవి, కరెంటు కంపెనీది. వరండాలో బల్బు పగలూ రాత్రీ వెలిగేది. దాన్ని ఆర్పవచ్చన్న ఆలోచన మాకు రాలేదు, సూర్యుణ్ణి ఆర్పాలని ఎవరికీ అనిపించనట్టే. తీగచుట్టల హీటరు మీద అన్నం పొంగి, గంజి తీగమీద పడి మాడిన వాసన మా వీధి మొత్తానికీ ఉమ్మడి ఆస్తి. ఎవరింట్లో వంట ఎంతయిందో ఆ వాసనతోనే తెలిసేది. ఆ వాసనను నేను చాలాకాలం కరెంటు వాసన అనుకున్నాను. అట్లాంటి ఇంట్లో నుంచి, బాపు రిటైరైన కొన్నాళ్లకు, క్వార్టరు అప్పజెప్పి, ఊరి చివర రెండు గదుల రేకుల ఇంటికి వచ్చాం. సామాను దించుతుంటే గడప పక్కన గోడకు ఒక నల్ల పెట్టె కనిపించింది. అద్దం వెనకాల పలచటి రేకు చక్రం ఒకటి అడ్డంగా తిరుగుతోంది, దాని అంచున చిన్న నల్లమచ్చ. బాపు చేతిలో బొంతల మూట పట్టుకునే చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు. జీవితంలో మొదటిసారి కరెంటు ఆయన్ను తిరిగి చూసింది.

మొదటి నెల బిల్లు వచ్చింది. రెండో రోజు నుంచి ఇల్లు ల్యాంపు రూము అయింది. వెలుగున్నచోట మనిషి ఉండాలి, మనిషి లేనిచోట వెలుగు ఉండకూడదు. ఇదీ చట్టం. ఎవరూ లేని స్నానాలగదిలో బల్బు వెలుగుతుంటే ఆర్పేవాడు కాదు. తలుపు ముందు నిలబడి, బాయిలో చిక్కుకున్న మనిషిని పిలిచినట్టు గట్టిగా అడిగేవాడు: "లోపట ఎవలున్నరు?" జవాబు వచ్చేది కాదు. మళ్లీ అడిగేవాడు. చివరికి మా ముగ్గురిలో ఎవరో ఒకరు వెళ్లి, లోపల లేమని ఒప్పుకుని, బల్బు ఆర్పి రావాలి. దీంతో మేం సాయంత్రాలు నలుగురం, అవ్వతో కలిపి అయిదుగురం, ఒకే గదిలో, ఒకే ట్యూబులైటు కింద కూర్చోవడం నేర్చుకున్నాం. పక్క గదిలోకి వెళ్లాలంటే పని గట్టిదై ఉండాలి.

అవ్వ అంటే బాపు తల్లి. రామగిరి దిక్కు పల్లెనుంచి పెళ్లయి వచ్చి, భర్తను కొడుకును ఇద్దర్నీ బాయికి పంపి, ఇప్పుడు ముందుగదిలో నులకమంచం మీద స్థిరపడింది. తలకు ఆముదం, నోట్లో వక్క, తలగడ కింద బైబిలు. చదువు రాదు, అయినా ఏ పేజీలో ఏముందో చేత్తో తడిమి చెప్పేది. రాత్రి అన్నాలకు ముందు ప్రార్థన ఆవిడదే. రోగులు, ప్రయాణంలో ఉన్నవాళ్లు, బాయి దిగినవాళ్లు, అందరూ అయ్యాక, కొత్త ఇంటికి వచ్చినప్పటినుంచి ఒక మనవి చేరింది: "ప్రభువా, బయట గోడకున్న ఆ చక్రాన్ని జర నిమ్మలంగ తిప్పు తండ్రీ." ఆమెన్ అని అందరికన్నా గట్టిగా అనేది బాపే.

ఎండాకాలం వచ్చింది. మా దిక్కు ఎండల గురించి పొరుగు జిల్లాలవాళ్లకు చెబితే గొప్పలు చెబుతున్నామనుకుంటారు, కాబట్టి వదిలేస్తాను. పైన రేకులు. కిటికీలు తెరుద్దామంటే నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని దుమ్ము వచ్చి పప్పులో కూడా కూర్చునేది, అందుకని అవి మూసే ఉండేవి. మధ్యాహ్నం ఆ గదిలో కూర్చుంటే మూతపెట్టిన కుండలో ఉడుకుతున్న సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు. క్వార్టరు నుంచి తెచ్చుకున్న ఇనుప కూలరు ఒకటి ఆ గదిలోనే ఉంది. దాని మీద బొంతలు మడతపెట్టి ఉండేవి. వచ్చినవాళ్లు దానికి వీపు ఆనించి కూర్చుని విసనకర్రతో విసురుకునేవారు. అవ్వకు ఆ వేడి సయించడం లేదు. అన్నం ముద్ద దిగేది కాదు, లేచి నిలబడితే కళ్లు తిరిగేవి. అమ్మ ఓ రోజు బాపుతో అనేసింది: "ముసలామె ఎండాకాలం ఎల్లదియ్యది. కూలరు పెడ్దాం." బాపు అవ్వ దిక్కు చూశాడు, గడప పక్కన మీటరు దిక్కు చూశాడు, చెప్పులేసుకుని బయటికి పోయాడు. కఠినుడు కాదు. రెండూ ఒకేసారి చూడాల్సి వచ్చిన మనిషి, అంతే.

చీకటిపడే వేళకు డబ్బాతో తిరిగి వచ్చాడు. మీటరు తగ్గిస్తుందని చెప్పి సంతలో ఎవరో అమ్మాడట. ప్లగ్గులో పెట్టగానే పచ్చ దీపం వెలిగింది. ఉద్యోగం నుంచి దిగిపోయాక బాపు ముఖంలో అంతటి నిబ్బరం నేను చూడలేదు.

"చూసిండ్రా? పచ్చగున్నది. ఇగ కూలరు పెట్టుకోవచ్చు," అన్నాడు. ఆ వెంటనే షరతు: "నెలాఖరుకు రీడింగు పోయిన నెలకన్న పెరగద్దు. పెరిగిందనుకో, డబ్బ వాపస్. కూలరు బంద్."

అప్పుడు నేను డిగ్రీ చివరి సంవత్సరం, ఫిజిక్స్. మా ఇంట్లో దాన్ని పెద్ద లోపంగా ఎవరూ చూసేవారు కాదు. ఆ డబ్బాలో ఉండేది ఒక చిన్న కెపాసిటరు. కూలరు మోటారులాంటివి కొంత కరెంటును వాడకుండా ఊరికే లాక్కుని, వెంటనే వెనక్కి పంపుతుంటాయి. ఆ వచ్చిపోయేదాన్ని సర్దడం డబ్బా పని. పెద్ద ఫ్యాక్టరీలకు దానివల్ల లాభం ఉంటుంది, వాటి బిల్లులో ఆ సంగతి చూస్తారు గనుక. ఇంటి మీటరు అది పట్టించుకోదు. నిజంగా ఖర్చయినదాన్నే లెక్కపెడుతుంది. అంటే ఆ డబ్బా మా చక్రాన్ని వెంట్రుకవాసి కూడా ఆపలేదు. పైగా ఆ పచ్చ దీపం వెలగడానికి పట్టే కరెంటును మా మీటరు ఎంతో నిజాయితీగా లెక్కలో వేసుకుంటోంది. ఇదంతా వంటగదిలో అమ్మకూ రూతుకూ వివరించాను. మొదటి పాఠం వాళ్లకే చెప్పాను నేను.

అమ్మ చింతపండు పిసుకుతూ విన్నది. "మీ బాపుకు చెప్తవా?"

"చెప్త."

"చెప్పు. చెప్పినంక ఆ బొంతలు మళ్ల కూలరు మీద నువ్వే పెట్టు."

ముందుగదిలో కూలరు మోగుతోంది. ఎన్నో రోజుల తరవాత అవ్వ గురక పెడుతోంది. కూలరు తడిగడ్డి వాసన వంటగదిదాకా వచ్చింది. కాసేపు ముగ్గురం ఆ వాసన పీలుస్తూ నిలబడ్డాం.

"డబ్బ పనిచేయకుంటె ఏమాయె," అన్నది రూతు. "దాని డ్యూటీ మనం చేద్దాం."

ఆ విధంగా మేం డబ్బా ఉద్యోగంలో చేరాం. అమ్మ వంటగదిలో బల్బు వేయడం మానేసింది. పొయ్యి వెలుగులో ఉప్పు ఎంత పడిందో నాలుకకు తగిలాకే తెలిసేది. ఇస్త్రీపెట్టె అటక ఎక్కింది. నా చొక్కాలు పరుపు కింద మడత పడ్డాయి. టీవీకి దుప్పటి కప్పి, ఖరాబైందని బాపుకు చెప్పాం. ఫ్యాను ఆదా చేయాలంటే మధ్యాహ్నాలు ఇంట్లో ఉండకపోవడమే మార్గమని త్వరలోనే తెలిసింది. నేను కాలేజీ రీడింగు రూముకు, రూతు కుట్టుపని పేరుతో చర్చి హాలుకు, అమ్మ పక్కింటికి అప్పడాలు వత్తడానికి. బాపు ఎలాగూ రిటైరైనవాళ్లు కూర్చునే చాయ్ హోటలు దగ్గర ఉండేవాడు. సాయంత్రం ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు సైరన్ మోగే వేళకు ఒక్కొక్కరమే ఇల్లు చేరేవాళ్లం. అప్పటికి కూలరు చల్లగా తిరుగుతుండేది, అవ్వ మంచం మీద వక్క నములుతుండేది.

నెలాఖరుకు రీడింగు పెరగలేదు. తగ్గింది. బాపు ఆ సాయంత్రం డబ్బాను మెత్తటి గుడ్డతో తుడిచాడు, ఒకప్పుడు దీపాలను తుడిచినట్టు. వార్త చాయ్ హోటలుకు చేరింది. మల్లేశం కాక మరునాడే వచ్చాడు. బాయిలో పైకప్పు పడకుండా దుంగలు నిలబెట్టిన మనిషి ఆయన. బాపుతోపాటే దిగిపోయాడు. డబ్బా ముందు వంగి, చెవిపెట్టి విని, "యోహానూ, ఏం ప్రార్థన చేపిచ్చినవ్‌ రా దీనికి?" అన్నాడు. తానూ ఒకటి కొన్నాడు. నెల తిరిగేసరికి గడపలోనే అరుపు:

"ఏందిరా నీ డబ్బ! మా ఇంట్ల డ్యూటీ ఎక్కుతలేదు! రీడింగు ఇంకింత పెరిగింది!"

"పచ్చ దీపం వస్తందా?"

"పచ్చది వస్తంది, ఎర్రది వస్తలేదు, నా కండ్లకే వస్తంది ఎర్రగ! ఇంట్ల అందరు డబ్బ ఉన్నదని ఫ్యాన్లు బంద్ చేస్తలేరు."

బాపు చొక్కా వేసుకుని ఆయనతో వెళ్లి తనిఖీ చేసి వచ్చాడు. "డబ్బ మంచిగనే ఉన్నది," అని తేల్చాడు. "మల్లేశం మీటరే ఖరాబున్నది." అమ్మ నా దిక్కు చూడలేదు. నేను రూతు దిక్కు చూడలేదు. ఒకే గదిలో అయిదుగురం ఉన్నప్పుడు ఒకరి మొహం ఒకరు చూడకుండా ఉండటానికి కొంత సాధన కావాలి. చెప్పడానికి వీల్లేదు, చెబితే కూలరు ఆగుతుంది. చెప్పకపోతే ఇట్లాగే చీకట్లో వండుకుంటూ, మడత నలిగిన చొక్కాలు వేసుకుంటూ, ఎండలో ఊరంతా తిరుగుతూ ఉండాలి. డబ్బాకు కనీసం ఒక ప్లగ్గు ఉంది, మేం దానికీ నోచుకోలేదు.

ఇంతలో నాకు వేరే బెంగ పట్టుకుంది. మీటరు అవసరానికి మించి తగ్గుతోంది. మేం ఆదా చేసినవన్నీ కాగితం మీద వేసి చూశాను. కూలరు రోజంతా తిరిగితే, మేం ఎంత బిగబట్టినా, అంత తక్కువ రావడానికి వీల్లేదు. పరీక్షలు దగ్గర పడ్డాయి. సరిగ్గా ఆ పాఠమే ముందు పెట్టుకుని పుస్తకం మూసి, వెళ్లి మీటరు ముందు నిలబడేవాణ్ణి. నల్లమచ్చ తాపీగా వచ్చి పోయేది. ఒకవేళ డబ్బా నిజంగానే పనిచేస్తోందేమో. పుస్తకాలు రాసినవాళ్లు మా సంతకు రాలేదు కదా. ఒక రాత్రి అవ్వ ప్రార్థనకు నేనూ కాస్త గట్టిగా ఆమెన్ అన్నాను.

ఆ వారంలోనే ఒక పగలు, రీడింగు రూములో ఫ్యాన్లు ఆగిపోయి, ఎండవేళే ఇంటికి వచ్చాను. బయటినుంచే ఏదో తేడా తెలిసింది. కూలరు చప్పుడు లేదు. మీటరు అద్దంలో చక్రం కదలకుండా ఉందా అన్నంత మెల్లగా కదులుతోంది. లోపల చీకటి, ఉడుకు, గోడమీద డబ్బా పచ్చగా. అవ్వ మంచం మీద గోడవైపు ఒరిగిపోయి ఉంది. తడి తువ్వాల నెత్తిమీద వేసుకున్నట్టుంది, అది ఎప్పుడో ఎండిపోయి గట్టిపడింది. చేతికర్ర స్విచ్చుబోర్డు కింద పడి ఉంది. మంచం మీద కూర్చునే ఆ కర్రతో స్విచ్చు నొక్కేదని, మేం గడప దాటగానే కూలరు ఆపి, సైరన్ వినగానే మళ్లీ వేసేదని అప్పుడు అర్థమైంది. ఒళ్లు పెనంలా కాలుతోంది. నీళ్లు చల్లి పిలిస్తే కళ్లు సగం తెరిచింది.

"చక్రం నిమ్మలంగ తిరుగుతందా బిడ్డా?"

"అవ్వా, కూలరెందుకు బంద్ చేసినవ్?"

"మెల్లగ... మీ బాపుకు చెప్పకు. ఆ డబ్బ ఒక్కతే ఎంతని చేస్తది, పాపం. మీరు చీకట్ల వండుకుంటిరి, ఎండల తిరుగుడు మొదలువెడ్తిరి. నాకు తెల్వదా? ముసల్దాన్ని, మీ అందరిది నేనే తింటున్ననాయె."

పక్కింటి నుంచి అమ్మను పిలిచి, చూసిందంతా చెప్పి, అవ్వను షేర్ ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. బాపు చాయ్ హోటలు నుంచి పరుగెత్తుకుంటూ వచ్చి మధ్యలో ఎక్కాడు. వడదెబ్బ అన్నాడు డాక్టరు. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతిలో ఏమీ ఉండేది కాదని కూడా అన్నాడు. సెలైను ఎక్కిస్తూ అడిగాడు: "ఇంట్ల కూలరు లేదా?"

"ఉన్నది సార్," అన్నాడు బాపు.

"మరి నడుస్తలేదా?"

"నడుస్తది సార్, పొద్దంత నడుస్తది," అని బాపు నా దిక్కు చూశాడు, సాక్ష్యం కోసం. అన్ని గోడలూ ఒకేసారి దగ్గరికి జరిగినట్టయింది. నేనేమీ మాట్లాడకముందే అమ్మ చెప్పేసింది. అవ్వ కూలరు ఆపుతోంది. వంటగదిలో దీపం తను వేయడం లేదు. టీవీ ఖరాబు కాలేదు. పిల్లలు ఎండలో తిరిగేది ఫ్యాను ఆదా కోసం. మాటకు మాట, కూర ధరలు చెప్పినట్టు మామూలుగా చెప్పింది. బాపు అంతా విన్నాడు. ఆయన ఒక్కటే అడిగాడు, అదీ చాలా మెల్లగా: "అంటె... ఇన్నొద్దులు అవ్వ ఒక్కతే ఉన్నదా లోపట?"

అవ్వ ఇంటికి వచ్చింది. బాపు డబ్బాను తీయలేదు. చాయ్ హోటలుకు పోవడం మానేశాడు. మధ్యాహ్నమంతా నులకమంచం పక్కన ముక్కాలిపీట వేసుకుని, కూలరు స్విచ్చుకు అడ్డంగా కూర్చునేవాడు. చేతికర్రను తన తొడ మీద పెట్టుకునేవాడు. అవ్వకు ఇప్పుడు వేరే చెర. "సలివెడ్తంది రా, జరసేపు బంద్ చెయ్యి," అని బతిమాలేది. "పెట్టనియ్యి," అనేవాడు. బొంత కప్పేవాడుగాని స్విచ్చు ముట్టనిచ్చేవాడు కాదు. ఆ ఎండాకాలం మిగతాదంతా వాళ్లిద్దరూ అట్లా ఒకరినొకరు కాపలా కాసుకున్నారు. వంటగదిలో బల్బు తిరిగి వెలిగింది. అమ్మ పప్పులో ఉప్పు సరిపోయింది. మాకందరికీ అదేదో కొత్త కూరలా అనిపించింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ జాగా మీద ఓపెన్‌కాస్టు మట్టిగుట్ట ఉంది. మా అపార్టుమెంటులో మీటర్లన్నీ సెల్లారులో జాలీ వెనక వరసగా ఉంటాయి. వాటిలో మాది ఏదో నాకు తెలియదు. బిల్లు ఫోనుకు వస్తుంది, ఫోనే కడుతుంది. నాలుగు గదుల్లో నాలుగు ఏసీల కింద నలుగురం తలుపులు వేసుకుని పడుకుంటాం. ఏ గదిలో ఎవరున్నారో, లోపల ఎట్లా ఉన్నారో, ఏ చక్రమూ చెప్పదు. అప్పుడే బాగుండేదని మాత్రం అనను. అప్పుడు ఉక్కపోసేది. కానీ ఒకరు ఫ్యాను ఆపితే ఇంకొకరికి ఎందుకో తెలిసేది, అది ఇప్పుడు ఇంట్లో ఎక్కడుందో వెతకాలి.

అవ్వ దవాఖాన నుంచి వచ్చిన ఆ నెలాఖరుకు రీడింగు తీసే అతను వచ్చాడు. మా వీధికి ఎప్పుడూ అతనే. మీటరు అద్దం మీద దుమ్ము తుడిచి చూశాడు, మళ్లీ చూశాడు. మేం లోపలినుంచి అతన్నే చూస్తున్నాం.

"ఏం యోహానన్నా, ఇంత ఎక్కింది? ఈ నెల చుట్టాలేమన్న వచ్చిండ్రా?"

బాపు ముక్కాలిపీట మీది నుంచి లేవలేదు.

"చుట్టాలేం రాలె తమ్మీ," అన్నాడు. "మా అవ్వ ఉన్నది ఇంట్ల. రాసుకో."